ముడి దాకా

నాకు ముక్కు మీద కోపం అని మా వీధిలో అందరికీ తెలుసు. ముంచింగిపుట్టులాంటి చోట సిమెంటు, ఇనుము కొట్టు నడపాలంటే ఆ మాత్రం కారం ఉండాలి. మా ఆయన వరహాలు మెత్తటి మనిషి. ఎవరైనా వచ్చి "ఎన్ని బస్తాలు పడతాయి బాబూ" అని అడిగితే కాగితం తీసి, పెన్ను వెతికి, అది రాయకపోతే విదిలించి, గళ్ళు గీసి, చివరికి "ఎందుకైనా మంచిది, మేస్త్రీని అడుగు" అంటారు. నేనలా కాదు. పొడుగు చెప్పు, వెడల్పు చెప్పు, మందం చెప్పు అంటాను. అవతలివాళ్ళ మాట పూర్తయ్యేలోపు లెక్క నా నోట్లో ఉంటుంది. మూడంగుళాల మందం గచ్చుకి బస్తాకి ఇరవై చదరపు అడుగులు. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? పెళ్ళయి చీపురుపల్లి నుంచి ఈ కొండల్లోకి వచ్చిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే. "భవానమ్మ నోటి లెక్క" అని సంతలో నాకో పేరు కూడా ఉంది.

ఉండేది అనాలి. ఈ ఏడు కాఫీ పళ్ళ కాలంలో ఆ పేరు కాస్తా పోయింది. పేరు పోతే పోయింది, దానితోపాటు ఇంకొకళ్ళ పంట కూడా పోగొట్టబోయాను. అదీ నా బాధ.

ఆ రోజు సంత. మా ఆయన సరుకు కోసం విశాఖ వెళ్ళారు. కొట్టులో నేనొక్కదాన్నే. మేకులు కావాలని ఒకళ్ళు, రేకులు కావాలని ఒకళ్ళు, ఏమీ అక్కర్లేకుండా నీడ కోసం నిలబడినవాళ్ళు పదిమంది. మా కొట్టు ముందు గచ్చు పగిలి పెద్ద గొయ్యి పడి చాలాకాలమైంది. వచ్చేవాళ్ళందరూ అందులో కాలు వేసి తూలడం, నేను "కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడుస్తారేటి" అని కసరడం ప్రతి సంతకీ ఉన్నదే. సిమెంటు అమ్మేవాళ్ళ గచ్చు చూడండర్రా అని మా ఆయన నవ్వుతారు. నాకు తీరిక దొరకాలి కదా!

ఆ గొయ్యి తప్పించుకుని మంగ్లు లోపలికి వచ్చాడు. వాళ్ళది రేలపుట్టు. రోడ్డు కొండ మొదట్లోనే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి ఊళ్ళోకి నడిచి ఎక్కాల్సిందే. ఎన్నో ఏళ్ళుగా మా దగ్గరే కొంటాడు. నాకంటే పెద్దవాడు, జుట్టు సగం తెల్లబడింది. అయినా నేను "ఏరా" అనే పిలిచేదాన్ని. కింద నుంచి వచ్చిన కొట్లవాళ్ళం అందరం అలాగే పిలుస్తాం. అలా ఎందుకు అని ఎప్పుడూ అనుకోలేదు.

"సావుకారమ్మా, కాఫీ ఆరబెట్టుకోడానికి ఇంటి ముందర కళ్ళం పోసుకుంతాను" అన్నాడు. "మట్టిలో ఆరబోత్తే మట్టి వాసనొత్తందని బేరగాళ్ళు ధర తగ్గించేత్తన్నారు. ఇసకా, రాయీ మా ఊరి గెడ్డవాగులోనే ఉన్నాయి. సిమెంటు ఎన్ని బస్తాలు పడతాదో సెప్పు."

"పొడుగెంత, వెడల్పెంత? బేగి చెప్పు."

భుజం మీది తాడు చుట్ట దించి బల్ల మీద పెట్టాడు. అడ్డతీగ నారతో పేనిన తాడు. "ఇదేనమ్మా కళ్ళం" అన్నాడు.

టేపు తీసి కొలిచాను. ఇరవై అయిదు అడుగులు వచ్చింది. నడుమ ఒకచోట లావుగా ముడి ఉంది. నార చాలక రెండు ముక్కలు కలిపి ముడేశాడనుకున్నాను.

"పొడుగు ఇరవై అయిదు. మరి వెడల్పో?"

"వెడల్పూ ఈ తాడేనమ్మా. ఆ ముడి కాడ..."

"అంటే అటూ ఇటూ ఒకటేనన్నమాట."

"కాదమ్మా, ముడి..."

వెనక నుంచి ఎవడో మేకులు, మేకులు అని గోల పెడుతున్నాడు. నా తల తిరిగిపోతోంది. "నీ ముడి నాకెందుకురా! ఇన్నేళ్ళుగా ఈ పనే చేత్తన్నాను, కొలతలు నువ్వు నాకు నేర్పుతావేటి?" అని అరిచాను. కొట్టులో ఉన్నవాళ్ళందరూ మంగ్లు వైపు చూశారు. అతను నోరు మూసుకున్నాడు.

ఇరవై అయిదు ఇరవై అయిదులు ఆరువందల ఇరవై అయిదు. "ముప్ఫై రెండు బస్తాలు" అన్నాను, మేకులు తూస్తూనే.

"ముప్పై రెండా?" అన్నాడు మంగ్లు. "అంత పెద్దదేటి కాదమ్మా..."

"తక్కువ పట్టుకెళ్ళి మధ్యలో అయిపోతే మళ్ళీ నా పీకల మీదకే వస్తావు. మిగిలితే తెచ్చెయ్యి, మూతి విప్పని బస్తాలైతే వెనక్కి తీసేసుకుంటాను. నా మాట మీద నమ్మకం లేదేట్రా నీకు?"

అతను తాడు చుట్టుకుని భుజాన వేసుకున్నాడు. "నువ్వు సెప్పేవు కదమ్మా" అన్నాడు. మిరియాలు అమ్మిన డబ్బు బల్ల మీద పెట్టి, బస్తాలు జీపుకి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. నేను ఇంకోళ్ళ బేరంలో పడ్డాను.

మర్నాడు మా ఆయన వచ్చి సరుకు చూసుకుంటూ, "ముప్ఫై రెండు బస్తాలు ఒక్కడే పట్టుకెళ్ళేడా?" అని అడిగారు. "మంగ్లు కళ్ళం పోత్తన్నాడా, విమానాలు దిగడానికి జాగా చేత్తన్నాడా?"

ఒంటికాలి మీద లేచాను. "మీకైతే సాయంత్రం దాకా కాగితం మీద కోడిపిల్లలు గీసేవారు. నేను ఒక్క నిముషంలో పంపించేను."

"అది కాదే. ఆ కొండ మీద ఇరవై అయిదడుగుల చదును ఎక్కడుంది? వాళ్ళ ఇళ్ళ ముందు మంచం వాలిస్తే కోళ్ళు తిరగడానికి చోటుండదంటారు."

నిజం చెప్తున్నాను, అనుమానం నాకు అప్పుడే వచ్చింది. ఆ వైపు వెళ్ళే జీపువాడికి ఒక మాట చెప్పి పంపిస్తే సరిపోయేది. కానీ మా ఆయన నవ్వు మొహం చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. "మిగిలితే తెచ్చేత్తాడు, చెప్పేను కదా" అని టీ గ్లాసు ఠప్పుమని పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. అంతే, ఆ సంగతి మళ్ళీ తలుచుకోలేదు.

తెచ్చెయ్యి అనడం ఎంత తేలిక! ఆ మాట అంటున్నప్పుడు నా కళ్ళకి బస్తాలు జీపులోనే కనిపించాయి. జీపు ఎక్కడ ఆగిపోతుందో తెలిసి కూడా అక్కణ్ణుంచి పైకి ఎలా వెళ్తాయో నాకు పట్టలేదు.

కొన్ని సంతలు గడిచాయి. చలి ముదిరింది, పొద్దెక్కేదాకా మంచు వదలడం లేదు. ఒక సంత రోజు పొద్దున్న, జనం బాగా కూడిన వేళ, వీధి చివర ఏదో కలకలం వినిపించింది. చూద్దును కదా, జనం రెండు వైపులా తప్పుకుంటున్నారు. మధ్యలోంచి వెదురు బొంగులు భుజాన వేసుకుని, ఒక్కో బొంగుకి నడుమ ఒక్కో సిమెంటు బస్తా కట్టి, ఇద్దరిద్దరుగా మనుషులు వస్తున్నారు. ముందు మంగ్లు, అతని పెళ్ళాం రత్నాలు. వెనక ఊరంతా. మగవాళ్ళు, ఆడవాళ్ళు, వీపున పసిపిల్లని కట్టుకున్న ఒకామె, తల పూర్తిగా నెరిసిన ముసలమ్మ. కాళ్ళు మోకాళ్ళ దాకా మట్టి.

ఒక్కొక్కళ్ళే వచ్చి మా కొట్టు ముందు దించుతున్నారు. ఆ ముసలమ్మ మా గచ్చు గోతిలో కాలు వేసి తూలింది. పక్కనున్న వాళ్ళు పట్టుకున్నారు. ఇరవై నాలుగు బస్తాలు దించారు.

నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. వీళ్ళేదో పని పాడు చేసి నా మీదకి వచ్చారనుకున్నాను. మెట్ల మీద నిలబడి అందరూ వినేలా అరిచాను. "ఏట్రా ఇది! ముప్ఫై రెండు చెప్తే ఇరవై నాలుగు వెనక్కి తెచ్చేవా? కళ్ళం పోసేవా, ముగ్గేసేవా?"

సంత జనం గొల్లుమన్నారు. నవ్వించగలిగానని నాకు సంబరం కూడా కలిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

మంగ్లు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మూడంగుళాలే పోసేమమ్మా. ఎనిమిది బస్తాలకే అయిపోనాది. నువ్వు ముప్పై రెండన్నావు గదా, ఇంకేటైనా సెయ్యాలేమోనని కొన్నాళ్ళు ఉంచేం. మంచుకి గట్టిపడిపోతాయని, జీపు కిరాయికి డబ్బుల్లేక ఇలా మోసుకొచ్చేసేం. ఒక్కటీ విప్పనేదు, సూసుకో."

"ఇరవై అయిదు ఇరవై అయిదుల కళ్ళానికి ఎనిమిది బస్తాలు ఎలా సరిపోతాయిరా?"

అతను రత్నాలు వైపు చూశాడు. ఆమె ముందుకొచ్చింది. వంగి, ఒక బస్తాకి కట్టిన తాడు విప్పింది. అదే తాడు. ఒక కొస మంగ్లు చేతికిచ్చింది, ముడి ఉన్నచోట తను కాలితో తొక్కి నిలబడింది, రెండో కొస పక్కామె చేతికిచ్చి పక్కకి తిప్పి లాగమంది. మా కొట్టు ముందు నేల మీద ఒక మూల తయారైంది.

"ఆ కొస నుంచి ముడి దాకా ఒక పక్కమ్మా" అంది. "ముడి కాడ మూల. ముడి నుంచి ఈ కొస దాకా ఇంకో పక్క. మా ఊళ్ళో కంచె కట్టినా, పశువుల సాల వేసినా ఇలాగే ఒక్క తాడు తెత్తాం."

టేపు అక్కర్లేకపోయింది. ఒక పక్క పదిహేను అడుగులు, ఇంకో పక్క పది. నూటయాభై. నా పాడు నోరు తన అలవాటు చొప్పున ఎనిమిది అనబోయింది. పళ్ళు బిగబట్టి ఆపుకున్నాను.

ఎవడో గుంపులోంచి "భవానమ్మ నోటి లెక్క!" అని అరిచాడు. ఇందాక నా మాటకి నవ్వినవాళ్ళే మళ్ళీ నవ్వారు, ఈసారి నన్ను చూసి. తల కొట్టేసినట్టయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు మంగ్లు వాళ్ళ వైపు తిరిగి, "అమ్మదేటి తప్పు? నేనే సరిగ్గా సెప్పనేదు" అన్నాడు.

రెండుసార్లు చెప్పబోయాడు. రెండుసార్లూ నేనే నోరు మూయించాను. ఆ మాట నాకు తెలుసు, అతనికి తెలుసు. అయినా సంతలో అందరి ముందూ నా పరువు కాపాడ్డానికి తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. అతను నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఎదురు తిట్టేదాన్ని, సరిపోయేది.

మా ఆయన బస్తాల డబ్బు తీసి ఇచ్చారు. నేను గల్లాపెట్టెలోంచి ఇంకొంత తీసి రత్నాలు చేతిలో పెట్టబోయాను. "మోసినవాళ్ళందరికీ ఇయ్యి" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "కూలికి కాదమ్మా, బదులుకి వచ్చేరు."

బదులు అంటే ఏమిటో అప్పుడు చెప్పింది. ఒకళ్ళ ఇంటి పనికి ఊళ్ళో ఇంటికొకళ్ళు సాయం వస్తారు. డబ్బు తీసుకోరు. ఎవరి పని జరిగిందో వాళ్ళు తర్వాత ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళి పని చేసి బదులు తీర్చుకోవాలి. ఎనిమిది బస్తాలైతే నలుగురు దగ్గరివాళ్ళు చాలేవారు. ముప్ఫై రెండనేసరికి ఊరంతా రావలసి వచ్చింది. మళ్ళీ ఇవాళ దించడానికి ఊరంతా వచ్చింది.

"ఎక్కించినందుకు ఓ బదులు, దించినందుకు ఓ బదులు. ఇంటింటికీ ఎల్లాలి" అంది రత్నాలు. "ఇప్పుడందరికీ పళ్ళ కోతే కదా. ఈయన వాళ్ళ తోటల్లోకి ఎల్తాడు."

"మరి మీ తోటో?"

"నాను ఒక్కదాన్నీ కోసినంత కోత్తాను. మిగిలింది రాలిపోద్ది."

"వాళ్ళని మీకు సాయం రమ్మనొచ్చు కదే?"

"వత్తే దానికీ బదులు ఎల్లాలి కదమ్మా" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు. బొంగులు భుజాన వేసుకుని అందరూ వెళ్ళిపోయారు.

మట్టి తగలకుండా ఆరబెట్టుకోవాలని కళ్ళం పోసుకున్నాడు పాపం. నా ధర్మమా అని ఇప్పుడు పంటంతా చెట్ల కింద మట్టిలో కలుస్తుంది. ఏడాదికి వాళ్ళకి ఉన్న ఆధారం అదొక్కటే.

ఆ పూట నాకు ముద్ద దిగలేదు. మా ఆయన ఎదురుగా కూర్చుని తింటున్నారు, ఏమీ అనరు. అదొక నరకం.

"ఏదో ఒకటి అనండి" అన్నాను.

"ఏటనమంటావు?"

"విమానాలు దిగే జాగా అనండి."

"అన్నం తిను భవానీ" అన్నారు. ఆయన మెత్తదనం నాకు ఎప్పుడూ చిరాకే కానీ ఆ రోజు ఏడుపు వచ్చేసింది. కంచం ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. ముక్కు తుడుచుకుని, "రేపు రేలపుట్టు ఎల్తాను" అన్నాను.

"ఎందుకు?"

"పళ్ళు కొయ్యడానికి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మన డాబా మెట్లెక్కితేనే ఆయాసం నీకు."

"దొర్లుకుంటూ పోతాను. కొట్టు మీరు చూసుకోండి. ఎవరైనా బస్తాల లెక్కడిగితే కాగితం మీద రాసే చెప్పండి" అన్నాను.

జీపు దిగి కొండ ఎక్కడం మొదలుపెట్టాను. చేతిలో ఒక టిఫిన్ కారేజీ తప్ప ఏమీ లేదు. అయినా మాటిమాటికీ కూలబడ్డాను. కూర్చున్న ప్రతి బండ మీదా బూడిదరంగు మరకలు ఉన్నాయి. ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, బస్తాలు దించి ఊపిరి తీసుకున్న చోట్లు అవి. కారిన సిమెంటు మంచుకి తడిసి రాతికి అంటుకుపోయింది. ఆ మరకల మీద కూర్చోలేక లేచి నడిచాను.

మంగ్లు ఇంటి ముందు కళ్ళం ఉంది. చిన్నది, ముచ్చటైనది, నీటుగా ఊడ్చి ఉంది. దాని పక్కన ఇసుక కుప్ప, కొట్టిన కంకర కుప్ప నా నడుమెత్తు ఉన్నాయి. మిగిలిన ఇరవై నాలుగు బస్తాలకి సరిపడా.

"ఇవెవరు కొట్టేరే?" అని అడిగాను రత్నాలుని.

"ఆడోళ్ళందరం. బస్తాలు అన్ని ఉంటే కంకరా అంత ఉండాల కదా." ఆమె అరచేతులు చూశాను. చూసి ఉండకపోతే బాగుండేది.

మంగ్లు అప్పటికే ఎవరి తోటకో వెళ్ళిపోయాడు. నేను పళ్ళు కోస్తానంటే రత్నాలు నవ్వింది, వేళాకోళం అనుకుంది. చీర ఎగ్గట్టి బుట్ట నడుముకి కట్టుకున్నాక మాత్రం నవ్వు ఆపి తోటలోకి తీసుకెళ్ళింది. మిరియాల తీగ పాకిన పెద్ద చెట్ల కింద కాఫీ మొక్కలు ఎర్రగా కాసి ఉన్నాయి. కింద అప్పటికే రాలిన పళ్ళు నల్లబడి కాళ్ళకి తగులుతున్నాయి.

నాకు అన్నీ బేగి అయిపోవాలి కదా. కొమ్మ పట్టుకుని సర్రున దూశాను. ఎర్రవీ పచ్చివీ అన్నీ బుట్టలో పడ్డాయి. కాసేపటికి చూస్తే రత్నాలు నా బుట్ట ముందు కూర్చుని పచ్చికాయలు ఏరి పక్కన పెడుతోంది. నేను ఆమె పని తగ్గించడానికి వచ్చి ఇంకా పెంచుతున్నాను.

"తిట్టవే రత్నాలూ" అన్నాను.

"ఏటికమ్మా? కొత్త కదా" అంది.

ఆ తర్వాత ఒక్కో పండూ చూసి కోయడం నేర్చుకున్నాను. సంత లేని రోజులన్నీ వెళ్ళాను. గోళ్ళు నల్లబడ్డాయి, నడుం పట్టేసింది, చీమలు కుట్టాయి. రోజూ రత్నాలు రాగిపిండితో కాచి ఇచ్చిన చోడి అంబలి తాగాను, వాళ్ళ పొయ్యి దగ్గర కూర్చుని అన్నం తిన్నాను. తింటుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో వీళ్ళెవరూ మా కొట్టు మెట్టు దాటి ఇంట్లోకి రాలేదు. రమ్మని నేను ఎప్పుడూ అనలేదు.

కొంత పంట రాలిపోయింది, లేదనను. చాలామటుకు మాత్రం ఆ కళ్ళం మీదకి చేరింది. ఆఖరి కోత రోజు సాయంత్రం మంగ్లు కూడా పొద్దుండగానే వచ్చాడు, ఊరి బదుళ్ళు అయిపోయాయట. కళ్ళం అంచున కూర్చుని పళ్ళు తిరగేస్తున్నాడు.

"మంగ్లన్నా" అని పిలిచాను.

అతను వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచాననుకుని. వెనక ఎవరూ లేరు.

"నిన్నే అన్నా" అన్నాను. మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. "నీ పంట నేను పాడు చేశాను. ఆ రోజు నువ్వు చెప్తుంటే వినలేదు. తప్పు నాది."

అతను పళ్ళు తిరగేస్తూనే, "పోనీలేమ్మా" అన్నాడు.

రత్నాలు వచ్చి పక్కన కూర్చుంది. "మీ ఇంట ఏటి పనుందమ్మా?" అని అడిగింది.

"ఏ పనీ లేదు. ఏం?"

"ఇన్ని రోజులు సాయం వచ్చేవు కదా. మేం బదులు రావాలి."

నేను చేసిన పాపం కడుక్కోవడానికి వచ్చాననుకున్నాను. వీళ్ళ లెక్కలో నేను వీళ్ళ మీద ఇంకో బరువు పెట్టాను. "బదులేటే! నేను చేసిన తప్పుకి నేను చేసుకున్నాను. మీరు రావక్కర్లేదు, అసలొద్దు" అని గాభరాగా అన్నాను.

రత్నాలు మొహం చిన్నబోయింది. మంగ్లు చెయ్యి ఆగింది.

"తప్పు సంగతి తప్పుదే, సాయం సంగతి సాయందే" అన్నాడు నెమ్మదిగా. "ఊళ్ళో అందరి బదులూ అందరికీ కావాలమ్మా. మా బదులు నీకొద్దా?"

వాళ్ళ ఇంటి అన్నం తిన్న మనిషిని. వద్దు అని ఎలా అనను? తల వంచుకుని, "ఉంది అన్నా, పని ఉంది. మా కొట్టు ముందు గచ్చు" అన్నాను. రత్నాలు మొహం విప్పారింది.

సంత లేని ఒక పొద్దున్న వాళ్ళిద్దరూ, ఇంకో నలుగురూ వచ్చారు. వచ్చినవాళ్ళలో ఆ రోజు గోతిలో తూలిన ముసలమ్మ కూడా ఉంది. అందర్నీ లోపల మా ఇంట్లో కూర్చోబెట్టి ఉప్మా పెట్టాను. పక్క కొట్లవాళ్ళు వింతగా చూశారు, చూడనీ. వాళ్ళు మోసుకొచ్చిన బస్తాలు ఇంకా కొన్ని మా దగ్గరే ఉన్నాయి. మా ఆయన కాగితం, పెన్ను పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు.

మంగ్లు పగిలిన గచ్చు చుట్టూ ఒకసారి నడిచాడు. "ఎన్ని బస్తాలు పడతాదమ్మా?" అని అడిగాడు.

ఎగతాళి కాదు. అతను ఎప్పుడూ అడిగినట్టే అడిగాడు, నేను చెప్తే నమ్మేసేటట్టుగానే. వీధిలో నలుగురూ చెవులు ఇటు వేశారు. మా ఆయన నా వైపు చూశారు. లెక్క నా నాలుక చివరే ఉంది.

"నాకు తెలీదన్నా. కొలిచి చూద్దాం" అన్నాను.

అతను భుజం మీంచి ముడి లేని కొత్త తాడు దించాడు. ఒక కొస నా చేతికిచ్చి మెట్టు దగ్గర పట్టుకోమన్నాడు. మిగిలిన చుట్ట విప్పుకుంటూ గచ్చు వెంట వెళ్ళాడు. మూల దగ్గర ఆగి, తాడు మెలితిప్పి ముడి వేశాడు. వేసి అక్కడే నిలబడిపోయాడు. ముందుకు వెళ్ళడే! ఎందుకు ఆగాడా అనుకున్నాను.

"ముడి సూసేవా అమ్మా?" అని అడిగాడు.

"చూశానన్నా" అన్నాను. కళ్ళ నిండా నీళ్ళు, నాకు ముడీ కనబడలేదు, మూలా కనబడలేదు. తాడు కొస గట్టిగా పట్టుకుని, తల ఎత్తలేక అలాగే నిలబడ్డాను.